పరమాణు కేంద్రకముల పరిమాణము, ఆకృతి: లేసరు వర్ణపట పరిశీలనము

పరమాణువు నడిబొడ్డున నిలిచి, దాని భారమును ఇంచుమించు సమస్తమును తనయందే దాచుకొన్న ధనవిద్యుత్తు ముద్దకు కేంద్రకమని పేరు. 1911లో రూథర్‌ఫర్డు దీని యునికిని నిరూపించినది మొదలు, ఇది యెంతటిది, ఏ యాకారము గలది యను రెండు ప్రశ్నలు భౌతిక శాస్త్రజ్ఞులను విడువలేదు. కేంద్రకమును తాకకయు, పగులగొట్టకయు, దాని చుట్టును మెలగు ఎలక్ట్రానులు వెలువరించు కాంతిలో అది కలిగించు అత్యల్పమైన వర్ణభేదమును కొలిచి, ఆ భేదమునుండి ఆ రెండు ప్రశ్నలకును సమాధానము రాబట్టు విద్యయే ఇచట వివరింపదలచిన లేసరు వర్ణపట పరిశీలనము.

విశాఖపట్టణపు పాఠకునకు ఈ విద్యను మాంగనీసుతో ఆరంభించి చెప్పుట యుక్తము. 1933లో ఓడలకు తెరువబడిన ఈ నౌకాశ్రయము ముఖ్యముగా మధ్యపరగణాల మాంగనీసు ముడిఖనిజమును విదేశములకు పంపుటకై నిర్మింపబడినది. విజయనగర ప్రాంతపు గనులనుండియు ఆ నల్లరాయి ఈ రేవునకే చేరెడిది. నేడు ఈ నగరమున ఉక్కు కర్మాగారము వెలసినపిమ్మట మాంగనీసు ఇచటనే కరగిన ఉక్కులో కలియుచున్నది. ఉక్కు కొలిమిలో కరగిన లోహమునుండి ఒక చిన్న బిళ్ళను పోతపోసి, ముఖమును నునుపుచేసి, దానిపై విద్యుత్ స్ఫులింగమును రగిల్చి, ఆ వెలుగును వర్ణములుగా విడదీసి, అందు మాంగనీసుకు చెందిన గీతలు ఎంత ప్రకాశముతో నున్నవో చూచి ఆ లోహపు పాలు ఎంతో కొద్ది నిమిషములలో తేల్చుట ఉక్కు పరిశ్రమలో నిత్యకృత్యము. అక్కడి రసాయనజ్ఞుడు ఆ గీతను ‘నీవెంత యున్నావు?’ అని మాత్రమే అడుగును. అదే గీతను ఇంకను నిదానముగా, ఇంకను సూక్ష్మముగా పరిశీలించినచో, ఆ మాంగనీసు పరమాణువు గర్భమునందున్న కేంద్రకము ఏపాటిదో, గుండ్రమైనదో కాదో కూడ అది చెప్పును.

ముందుగా కొలతల తారతమ్యమును మనసున నిలుపుకొనవలెను. మీటరును కోటి భాగములు చేసి, అందొక భాగమును మరల కోటి భాగములు చేసి, అందొకదానిని పది తునుకలు చేసిన వచ్చు పొడవునకు ఫెర్మి యని పేరు. మాంగనీసు కేంద్రకపు ఆవేశ వ్యాసార్ధము సుమారు 3.7 ఫెర్మీలు. ఒక మైదానము నడుమ మిరియపు గింజ నొకదానినుంచి, దానినుండి డెబ్బది మీటరుల దూరమున చుట్టును వలయము గీచినచో, ఆ గింజ కేంద్రకమునకును, ఆ వలయము పరమాణువునకును సరిపోవును. కంటికి గోచరించు కాంతితరంగపు పొడవు కేంద్రకపు వ్యాసముకంటె సుమారు పది కోట్ల రెట్లు పెద్దది. సముద్రపు కెరటము ఇసుకరేణువు ఆకారమును చూపజాలనట్లు, అంత పెద్ద తరంగము అంత చిన్న వస్తువు రూపమును నేరుగా చూపజాలదు. కావున కాంతితో కేంద్రకమును ‘చూచుట’ యనునది ఇచట లేదు. కేంద్రకముచేత బాధింపబడిన ఎలక్ట్రాను సాక్ష్యమును వినుట మాత్రమే యున్నది.

ఆ సాక్ష్యము రెండు విధములు. పరమాణువునందలి ఎలక్ట్రానులలో కొన్ని, గుండ్రని మేఘమువలె వ్యాపించి, కొంత కాలము కేంద్రకము లోపలికిని చొరబడుచుండును. ధనవిద్యుత్తు అంతయు ఒక్క బిందువునందే యున్నచో ఎలక్ట్రానుపై దాని ఆకర్షణ అత్యధికముగా నుండును. అది కొంతమేర పరచుకొని యున్నపుడు, లోపలికి చొచ్చిన ఎలక్ట్రానుపై పట్టు సడలును. అందుచేత కేంద్రకము ఉబ్బిన కొలది ఎలక్ట్రాను శక్తిస్థాయి కొంచెము పైకి లేచును. ఆ స్థాయికి సంబంధించిన వర్ణపటరేఖ తన చోటునుండి జరుగును. ఒకే మూలకమునకు చెంది, ప్రోటానుల సంఖ్య సమానమై, న్యూట్రానుల సంఖ్యలో మాత్రము భేదించు ఐసోటోపుల రేఖలను పక్కపక్కల పోల్చినచో ఈ జరుగుబాటు బయటపడును. తేలిక మూలకములలో ఈ జరుగుబాటున కెక్కువ భాగము కేంద్రకపు భారభేదమే కారణము; ఆ భాగమును గణితముచే వేరుచేసి తీసివేసిన మిగులునదే పరిమాణమును గూర్చిన వార్త. బరువైన మూలకములలో పరిమాణ భాగమే ప్రధానము. ట్యూబులైటులోపల అదృశ్యముగా వెలుగు పాదరసపు 2537 ఆంగ్‌స్ట్రాముల రేఖ 198, 200 భారసంఖ్యలుగల ఐసోటోపుల నడుమ సుమారు 4,800 మెగాహెర్ట్‌జులు జరుగును. ఆ కాంతి మొత్తపు పౌనఃపున్యములో ఇది పది లక్షలకు నాలుగు పాళ్ళు మాత్రమే.

రెండవ సాక్ష్యము అతిసూక్ష్మ రేఖానిర్మాణము. కళాశాల ప్రయోగశాలలో సోడియము దీపమును వెలిగించి, అది వేడెక్కి గులాబిరంగునుండి పసుపునకు తిరిగినపిమ్మట, గ్రేటింగు గుండ దూరదర్శినితో చూచిన విద్యార్థికి మొదట ఒక్కటిగా తోచిన పసుపుగీత శ్రద్ధతో సరిచేసినపుడు రెండుగా విడివడును: ఒకటి 5890, వేరొకటి 5896 ఆంగ్‌స్ట్రాములు. వర్నియరు గీతలపై భూతద్దము నానించి కొలత వ్రాసికొని తృప్తిపడు విద్యార్థి యెరుగని విశేషమొకటి యున్నది. ఆ రెండు గీతలలో ప్రతియొకటియు మరల రెండు పాయలు. ఆ పాయల నడిమి యెడము ఆంగ్‌స్ట్రాములో యేబదవ వంతు, అనగా మొదటి యెడములో మున్నూరవ వంతు. సోడియము కేంద్రకము తన చుట్టు తాను తిరుగు చిన్న అయస్కాంతము; అది ఎలక్ట్రాను అయస్కాంతత్వముతో ఏ కోణమున నిలుచునను దానిని బట్టి శక్తి కొంచెము మారుటచే ఈ పాయలు కలుగుచున్నవి. ఇట్టి సూక్ష్మపు చీలికలను మైకెల్సను 1891లోనే గమనించెను. వానికి కేంద్రకపు భ్రమణమే కారణమని 1924లో పౌలి సూచించెను. 1935లో ష్యూలరు, ష్మిట్ అనువారు యూరోపియము రేఖలను కొలుచుచు, పాయల యెడములు అయస్కాంత సూత్రమునకు సరిగా లొంగకుండుట కనుగొనిరి. కేంద్రకము గుండ్రని బంతి కాదని లోకమునకు తెలిసిన మొదటి యుదంతమిదియే. గుండ్రతనమునుండి తొలగిన విద్యుద్విస్తరణమును కొలుచు రాశికి చతుర్ధ్రువ భ్రామకమని పేరు. అది ధనాత్మకమైనచో కేంద్రకము సామాన్యముగా నేరేడుపండువలె నిడుపు, ఋణాత్మకమైనచో గుమ్మడికాయవలె చప్పిడి. మాంగనీసు 55 కేంద్రకమున కిది ధనాత్మకము.

పరిమాణము, ఆకృతి అను రెండింటి సంబంధము సమేరియము మూలకమున వెల్లడియైనది. న్యూట్రానులు 88 నుండి 90కి పెరిగినచోట దాని రేఖ అనుకొన్నదానికంటె మిక్కిలి యధికముగా జరుగుచున్నదని బ్రిక్స్, కోఫర్‌మన్ అనువారు 1940ల తుది భాగమున గుర్తించి, కేంద్రకము ఒక్కమారుగా నిడుపు రూపము దాల్చుటయే దానికి కారణమని చెప్పిరి. ఘనపరిమాణము మారకయే గుండ్రని మట్టిముద్దను సాగదీసినచో దాని కొనలు కేంద్రమునకు దూరమగును గదా. వ్యాసార్ధపు వర్గముయొక్క సగటు అందుచే పెరుగును. ఇట్టి ఫలితములు రెయిన్‌వాటరు, ఆగే బోరు, మోటెల్సను అనువారి వికృత కేంద్రక సిద్ధాంతమునకు బలము చేకూర్చినవి. ఆ మువ్వురకు 1975లో నోబెలు బహుమానము లభించినది.

ఇక ఈ విద్యకు మన సీమతోగల చుట్టరికమును కొంత విస్తరించి చెప్పవలసియున్నది. విజయనగరము మహారాజా కళాశాలలో 1920ల ప్రారంభమున ఎ. ఎల్. నారాయణ్ లోహబాష్పముల వర్ణపటములను పరిశీలించు ఒక చిన్న కేంద్రమును నెలకొల్పెను; తరువాతి కాలమున ఆయన కొడైకనాలు ఖగోళశాలకు అధ్యక్షుడయ్యెను. ఆయనతో కూడి పనిచేసిన కె. రంగధామరావు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, పరమాణు వర్ణపటములందు ఒక సంప్రదాయమునే నిర్మించెను. 1932లో ఆ విశ్వవిద్యాలయమున చేరిన సూరి భగవంతము రామన్ శిష్యుడు. వెంకటరాయుడుతో కలిసి ఆయన సమూహ సిద్ధాంతముపై రచించిన గ్రంథమును 1948లో ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించినది. 1950లో జర్మనీ దేశమున డెమెల్ట్, క్రూగరు అనువారు ఘనపదార్థములయందలి కేంద్రకముల చతుర్ధ్రువ అనునాదమును కనుగొనినపిమ్మట, ఆ విషయమును శీఘ్రముగా చేపట్టిన ప్రయోగశాలలలో వాల్తేరు ఒకటి.

ఈ చతుర్ధ్రువ అనునాదమును గూర్చి ఒక మాట చెప్పక ముందునకు పోజాలను. బట్టలపెట్టెలలో పురుగు పట్టకుండ నుంచు కొన్ని తెల్లని వాసనబిళ్ళలు పారాడైక్లోరోబెంజీను అను పదార్థముతో చేయబడును. దాని పొడిని ఒక తీగచుట్టలో నుంచి రేడియో తరంగములను ప్రసరింపజేసినచో, గది ఉష్ణోగ్రతలో 34 మెగాహెర్ట్‌జులకు కొంచెము పైన, అందలి క్లోరిను కేంద్రకములు ఆ తరంగమును గ్రహించును. క్లోరిను కేంద్రకము పరిపూర్ణ గోళమే యైనచో ఇట్టి గ్రహణము కలుగనే కలుగదు. క్లోరిను 35కును, క్లోరిను 37కును ఈ పౌనఃపున్యముల నిష్పత్తి సుమారు 1.27, ఆ రెండు కేంద్రకముల చతుర్ధ్రువ భ్రామకముల నిష్పత్తియు అదియే. లేసరు పుట్టుటకు పూర్వమే, కేంద్రకపు ఆకృతినుండి జనించు సంకేతమును రేడియో తరంగముల భాషలో వాల్తేరు మిట్టపై మనవారు చదువుచుండిరన్న విషయమును తెలుగువారు తగినంతగా తలచుకొనుట లేదని నా భావన.

అదే మిట్టపై రెండవ శాఖ కేంద్రక భౌతికశాస్త్రము. దాని స్థాపకుడు స్వామి జ్ఞానానంద. పూర్వాశ్రమమున భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరము సమీపమునందలి గొరగనమూడి గ్రామమున జన్మించెను. హిమాలయములందు తపస్సుచేసిన ఈ సన్యాసి ఐరోపాకు పోయి, ప్రాగు నగరమున ఎక్స్ కిరణముల వర్ణపటములను, లివర్‌పూలులో న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ వద్ద కేంద్రక భౌతికమును అభ్యసించి, అటుపై అమెరికాలో పనిచేసి, అధికశూన్యములను సాధించు పద్ధతులపై ఆంగ్లమున ఒక ప్రామాణిక గ్రంథమును 1947లో ప్రకటించెను. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి కేంద్రక పరిశోధనకు పునాది వేసెను, 1969లో పరమపదించెను. నేటికిని ఆ ప్రయోగశాలలు ఆయన పేరనే పిలువబడుచున్నవి. వాల్తేరులో ఇట్లు ఒక భవనమున కాంతిని చదువువారును, వేరొక భవనమున కేంద్రకమును చదువువారును ఉండిరి. లేసరు వర్ణపట పరిశీలనమనునది ఈ రెండు విద్యల సంగమము. అల్పాయుష్కములైన కేంద్రకములను పుట్టించి, పుట్టినచోటనే లేసరుతో పరీక్షించు యంత్రశాల మాత్రము విశాఖయందు లేదు. అందుకు జెనీవా చెంతనున్న ఐసోల్డే వంటి చోట్లకు పోవలసినదే.

అల్పాయుష్కములనే వెదకుట ఏల యనిన, నిలకడగల కేంద్రకములను కొలుచుటకు వేరు సాధనము లున్నవి. వేగముగల ఎలక్ట్రానులను గురిచూచి కొట్టి, అవి చెదరిన తీరునుబట్టి వ్యాసార్ధమును నిర్ణయించిన హాఫ్‌స్టాటరు 1961లో నోబెలు బహుమానమునందెను. కాని ఆ పద్ధతికి తూచి పట్టుకొనదగినంత పదార్థము కావలెను. సెకనులో నూరవ వంతు మాత్రము జీవించి, సెకనుకు కొన్ని వందలు మాత్రమే చిక్కు కేంద్రకములకు కాంతియే శరణ్యము. అట్టి వానిలోనే కేంద్రక బలముల వింతలన్నియు దాగియున్నవి.

లేసరు వచ్చువరకు ఈ మార్గమునకు అడ్డుగా నిలిచినది పరమాణువుల పరుగు. స్టేషనును సమీపించు రైలు కూత హెచ్చుశ్రుతిలోను, దాటిపోవు రైలు కూత తగ్గుశ్రుతిలోను వినబడునట్లు, మనవైపు వచ్చు పరమాణువు కాంతి నీలపు దిక్కునకును, తొలగిపోవు దాని కాంతి ఎరుపు దిక్కునకును జరుగును. వేడి సోడియము ఆవిరిలో పరమాణువులు అన్ని దిక్కులకు పరుగెత్తుటచే గీత సుమారు 1,700 మెగాహెర్ట్‌జుల వెడల్పునకు అలుకుకొనిపోవును. పైన చెప్పిన రెండు పాయల యెడము 1,772 మెగాహెర్ట్‌జులు. గీత వెడల్పే గీతల యెడమంత యైనపుడు కొలుచుట యెట్లు?

1976లో కాఫ్‌మన్, వింగ్ మొదలగువారు వేర్వేరుగా సూచించిన ఉపాయము చక్కనిది. దానిని కైలాసగిరి అంచుననుండి చూపవచ్చును. నూరు మీటరుల లోతునకు ఒక రాతిని ఊరక జారవిడిచి, రెండవదానిని సెకనుకొక మీటరు వేగముతో క్రిందికి విసరినా మనుకొందము. గాలి యడ్డును లెక్కింపనిచో, అడుగునకు చేరునప్పటికి మొదటిది సెకనుకు 44.27 మీటరులు, రెండవది 44.28 మీటరుల వేగముతో నుండును. పైన ఒక మీటరుగా నున్న వేగభేదము క్రింద సెంటీమీటరుకు కొంచెము పైచిలుకుగా కుంచించుకొనిపోయినది. అందరకు సమానముగా శక్తి నిచ్చినచో, ముందే వేగముగా నున్నవానికి వేగవృద్ధి తక్కువ. అందువలన అందరును ఒకే నడకకు దగ్గరపడుదురు. విద్యుదావేశముగల అయానులను ముప్పది నుండి అరువది వేల వోల్టులతో తరిమి, ఆ ధార వెంబడి సరళరేఖలో లేసరు కిరణమును ప్రసరింపజేసినచో, వేగభేదముచే కలిగిన గీత వెడల్పు వేయి రెట్ల మేరకు తగ్గి, పాయలు స్వచ్ఛముగా విడివడును. దీనికే సహరేఖీయ పద్ధతి యని పేరు. లేసరు వర్ణమును కొంచెము కొంచెముగా మార్చుచు పోగా, పరమాణువు స్వీకరించు వర్ణము తటస్థించిన క్షణమున అది వెలుగు చిమ్మును. ఆ మినుకులను ఒక్కొక్కటిగా లెక్కించి రేఖాచిత్రమును గీయుదురు. వేరొక పద్ధతిలో రెండు మూడు లేసరులతో మెట్టు మెట్టుగా ఎలక్ట్రానును పైకెక్కించి, తుదకు పరమాణువునుండి ఊడదీసి, మిగిలిన అయానులనే లెక్కింతురు.

ఈ విద్య ప్రథమఫలము మన విద్యార్థి చూచు సోడియము పసుపుగీతయందే పండుట సంతోషకరము. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు జెనీవా చెంతనున్న సెర్న్‌లో 1970లలో సోడియము 21 నుండి 31 వరకుగల ఐసోటోపులను పుట్టించి, ఆ రెండు పసుపుగీతలలో 5896 ఆంగ్‌స్ట్రాములదానిపైననే లేసరును గురిపెట్టి, వాని భ్రమణములను, అయస్కాంత భ్రామకములను, జరుగుబాట్లను కొలిచిరి.

ఐతే ఈ శాస్త్రచరిత్రయందు అత్యాశ్చర్యకరమైన ఘట్టము పాదరసమునది. పాదరసమున ప్రోటానులు 80. న్యూట్రానులను తగ్గించుకొనుచు పోయినచో కేంద్రకము క్రమముగా చిన్నదగుచు పోవుటయే న్యాయము. 1972లో ఐసోల్డేయందు, లేసరు కాదు, దీపపు కాంతితోనే 2537 ఆంగ్‌స్ట్రాముల రేఖను పరీక్షించినపుడు, 187 వరకు క్రమముగా వచ్చిన పరిమాణము 185 వద్ద ఒక్కసారిగా పెద్దదైనది. తదుపరి లేసరు కొలతలలో 184 మరల చిన్నదిగా తేలినది. సరిసంఖ్య గలవి చిన్నవి, బేసిసంఖ్య గలవి పెద్దవి. ఒక్క న్యూట్రానును చేర్చినను తీసినను కేంద్రకము కొంచెము చప్పిడితనమునుండి మిక్కిలి నిడుపునకు, మరల వెనుకకు, రూపు మార్చుచున్నది. అంతకు పూర్వము మరియెక్కడను కొలతలలో ఇంత తీవ్రమైన ఊగులాట కనబడలేదు. ఈ యూగులాట ఎచట తుదముట్టునో తెలియుటకు అర్ధశతాబ్ది పట్టినది. లేసరులతో మెట్టుమెట్టుగా అయానీకరించి 177 వరకు దిగివచ్చిన శాస్త్రజ్ఞులు, 180 నుండి క్రిందివి మరల పూర్వపు సాధుమార్గమున నడచుచున్నవని 2018లో ప్రకటించిరి. 181, 183, 185 అను మూడు బేసి కేంద్రకములు మాత్రమే ఆ వికృతిని దాల్చుచున్నవి.

లిథియము 11 వేరొక వింత. మూడు ప్రోటానులు, ఎనిమిది న్యూట్రానులుగల ఈ కేంద్రకపు అర్ధాయువు తొమ్మిది మిల్లీసెకనులకు లోపు. దాని తుది రెండు న్యూట్రానులు కేంద్రకమునకు దూరముగా పరివేషమువలె వ్యాపించియుండునని 1985లో తనిహాత ప్రభృతులు కనుగొనిరి. న్యూట్రానులకు విద్యుత్తు లేదు కావున అవి ఎంత దూరముగా నున్నను ఆవేశ వ్యాసార్ధము మారకూడదు గదా యని తోచును. కాని 2006లో కెనడాయందు లేసరుతో కొలిచినపుడు లిథియము 9 యొక్క వ్యాసార్ధము 2.22 ఫెర్మీలు కాగా, లిథియము 11ది 2.47 ఫెర్మీలుగా తేలినది. ఒప్పులకుప్ప ఆడునపుడు పెద్దపిల్ల చిన్నపిల్ల చేతులు పట్టుకొని తిరిగినచో, చిన్నది పెద్ద వలయమున తిరుగును గాని, పెద్దదియు ఉన్నచోటనే నిలువక చిన్న వలయమును చుట్టును. దూరపు న్యూట్రానుల తిరుగుడుకు నడిమి ముద్దయు ఊగుటచే దాని విద్యుత్తు విస్తరించినట్లు కనబడుచున్నది.

కాల్షియము 40కి ఎనిమిది న్యూట్రానులు చేర్చి 48 చేసినను వ్యాసార్ధము 3.48 ఫెర్మీలవద్దనే యుండుటయు, ఇంకొక నాలుగు చేర్చి 52 చేసినపుడు మాత్రము అనుకొన్నదానికంటె హెచ్చుగా పెరుగుటయు సిద్ధాంతకర్తలకు నేటికిని తలనొప్పియే. ఈ 52 కొలత 2016 నాటిది. మాంగనీసు విషయమున ప్రకృతిలో లభించునది 55 ఒక్కటే యైనను, ఐసోల్డేలో 51 మొదలు 64 వరకు కృత్రిమముగా పుట్టించి కొలిచిరి. న్యూట్రానులు 28 ఐనచోట వ్యాసార్ధపు రేఖ స్పష్టముగా వంగి, అటుపై పైకెగయును. ఆ సంఖ్యవద్ద న్యూట్రానుల అర నిండుటయే అందులకు కారణము. రేవున ఓడ నెక్కిన నల్లరాతియందలి 55 కేంద్రకము 30 న్యూట్రానులతో ఆ మలుపునకు రెండడుగులు అవతల నున్నది.

బరువైన దిక్కున, 102 ప్రోటానులుగల నోబెలియము 2016లో లేసరు పరిశీలనకు లోబడినది. జర్మనీలో సెకనుకు కొన్ని పరమాణువులు మాత్రము చిక్కుచుండగా ఆ పని సాధింపబడినది. తేలికయైన దిక్కున, హైడ్రోజనులోని ఎలక్ట్రానునకు బదులు దానికి 207 రెట్లు బరువైన మ్యుయానును నిలిపి 2010లో స్విట్జర్లండున లేసరుతో కొలువగా, ప్రోటాను వ్యాసార్ధము అంతకుముందు తలచిన 0.877 ఫెర్మీలు కాక 0.842 ఫెర్మీలని తేలి గొప్ప చర్చకు దారితీసినది.

ఇన్నిటియందును లేసరు ఎలక్ట్రానుతోనే సంభాషించినది. కేంద్రకము తెరచాటుననే యున్నది. థోరియము 229 యొక్క కేంద్రకము మాత్రము దీనికి అపవాదము. సామాన్యముగా కేంద్రకమును ఉత్తేజపరచుటకు వేల, లక్షల ఎలక్ట్రాను వోల్టుల శక్తి వలసియుండగా, దీనికి 8.4 చాలును. 2024లో 148 నానోమీటరుల లేసరు కాంతితో ఆ కేంద్రకమునే నేరుగా తట్టిలేపిరి. ఆ తరంగదైర్ఘ్యము గల కాంతిని గాలిలోని ప్రాణవాయువే మ్రింగివేయును. కావున లేసరునుండి థోరియమును పొదిగిన స్ఫటికమువరకు దాని దారి యంతయు గాలిని తోడివేసిన నాళికయందే సాగవలెను.